తక్కువ ధర గిటారు – వాయించేవారి మాట



హార్మోనియం, తబలా, కీబోర్డు గురించి ఈ శీర్షికలో ఇంతకుముందు మాట్లాడుకున్నాం. ఈ నెల ఎలక్ట్రిక్ గిటారు, బేస్ గిటారు, వాటికి కావలసిన ఆంప్లిఫయర్ల సంగతి చూద్దాం. ఇందుకు కారణం రెండు ఉత్తరాలు.

మొదటిది ఒక తల్లి వ్రాసినది. కుమారుడు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఆరాధనలో మామూలు గిటారు వాయిస్తాడు, ఇప్పుడు ఎలక్ట్రిక్ గిటారు కావాలంటున్నాడు. అరవై వేలు పెట్టకపోతే మంచిది రాదని స్నేహితులు చెప్పారట. తండ్రి ఆటో నడుపుతారు. "వడ్డీకి తెచ్చి కొనమంటారా? వద్దంటే పిల్లవాడి మనసు విరుగుతుందేమో" అని ఆ తల్లి అడుగుతున్నారు.

రెండవది ఒక పల్లెటూరి సంఘ యవ్వనస్థులది. బేస్ గిటారు, ఆంప్లిఫయర్ కొనడానికి నలభై వేలు పోగుచేశారు. ఆ సొమ్ములో కూలికి వెళ్లే అమ్మలు ఇచ్చిన పది, ఇరవై రూపాయలు కూడా ఉన్నాయట. "ఏ కంపెనీది కొంటే మంచిది?" అన్నది వారి ప్రశ్న.

రెండు ఉత్తరాలలోనూ ఉన్న బరువు ఒకటే. కష్టపడి కూడబెట్టిన సొమ్ము అది. ఒక్కసారి ఖర్చయితే మళ్లీ కూడబెట్టడానికి ఏళ్లు పడుతుంది. గోపురం కట్టబోయేవాడు ముందుగా కూర్చుండి లెక్క చూసుకోవాలన్న ఉపమానం మనకు తెలిసినదే. కనుక కంపెనీ పేరు చెప్పి ఊరుకోకుండా, సంగతి మొదటినుండి చూద్దాం.

ఎలక్ట్రిక్ గిటారు పుట్టిందే సాదాగా

ఎలక్ట్రిక్ గిటారు పనిచేసే తీరు చాలా తేలిక. తీగల క్రింద ఒక అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ వేల చుట్లు ఉంటుంది. దీన్ని పికప్ అంటారు. ఇనుప తీగ కదిలినప్పుడు ఆ రాగి చుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది. దాన్ని ఆంప్లిఫయర్ పెద్దది చేసి స్పీకరుకు పంపుతుంది. మామూలు గిటారులో నాదమంతా చెక్క పెట్టెనుండి వస్తుంది గనుక చెక్క నాణ్యత, అతికిన పనితనం చాలా ముఖ్యం. ఎలక్ట్రిక్ గిటారులో పెట్టె బదులు గట్టి చెక్క పలక ఉంటుంది. అందుకే దీన్ని తక్కువ ఖర్చులో బాగా చేయడం సాధ్యమైంది.

ఈ సంగతి ముందుగా గ్రహించినవారిలో అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన లియో ఫెండర్ ఒకరు. ఆయన రేడియోలు బాగుచేసే మనిషి. గిటారు వాయించడం ఆయనకు రాదు. 1950లో ఆయన తెచ్చిన గిటారులో మెడను జిగురుతో అతికించలేదు, నాలుగు మరలతో బిగించారు. మెడ పాడైతే మరలు విప్పి వేరేది వేసుకోవచ్చు. 1951లో అదే పద్ధతిలో ప్రెసిషన్ బేస్ అనే బేస్ గిటారు తెచ్చారు. అంతవరకు బేస్ వాయించేవారు మనిషంత ఎత్తున్న పెద్ద వాయిద్యాన్ని మోసుకుపోయేవారు. ఈ క్రొత్తది భుజాన వేసుకుపోవచ్చు. పైగా మెడమీద ఫ్రెట్లు ఉండడంవలన స్వరం తప్పదు. ఆ పేరు అందుకే వచ్చింది.

అదే దేశంలో డేన్ఎలెక్ట్రో అనే కంపెనీ ఇంకా చౌకగా చేసింది. సన్నని చెక్క చట్రంమీద అట్టలాంటి హార్డ్‌బోర్డు బిగించి గిటారు ఒళ్లు చేశారు. పికప్‌లను లిప్‌స్టిక్ గొట్టాలలో అమర్చారు. 1960ల తొలి సంవత్సరాలలో సియర్స్ దుకాణాలవారు వీటిని సిల్వర్‌టోన్ పేరుతో అమ్మారు. ఆ గిటారు పెట్టెలోనే ఆంప్లిఫయరూ స్పీకరూ అమర్చి ఉండేవి! తల్లిదండ్రులు పిల్లలకు కొనిచ్చిన ఆ అట్ట గిటార్లకోసం ఈనాడు పేరున్న వాద్యకారులు కూడా వెదుకుతున్నారు.

1970లలో జపాను కంపెనీలు ఫెండర్ నమూనాలను తక్కువ ధరకు ఎంతో బాగా చేయసాగాయి. పోటీకి తట్టుకోలేక ఫెండర్ కంపెనీయే 1982లో జపానులో తయారీ ప్రారంభించి, స్క్వయర్ అనే పేరుతో చౌక గిటార్లు అమ్మింది. ఈ పేరు 1965లో ఫెండర్ కొనుక్కున్న ఒక పాత తీగల కంపెనీది. తరువాత తయారీ కొరియాకు, అక్కడనుండి చైనా, ఇండోనేషియాలకు మళ్లింది. ఇప్పుడు కంప్యూటరుతో నడిచే యంత్రాలు చెక్కను కోస్తున్నాయి. మెడ, ఒళ్లు వెంట్రుకవాసి తేడా లేకుండా కలుస్తాయి. నలభై ఏళ్లనాటి చౌక గిటారుకూ నేటి చౌక గిటారుకూ అసలు తేడా ఇక్కడే ఉంది. ఆనాడు చౌక గిటారు అంటే వ్రేళ్లు కోసుకుపోయే వస్తువు. ఈనాడు పదిహేను, ఇరవై వేల గిటారు సరిచేసుకుంటే ఆరాధనకు నిస్సంకోచంగా సరిపోతుంది.

చిన్నవాటితో మొదలుపెట్టినవారు

ఖరీదైన వాయిద్యం లేకపోతే ఎదగలేమని మన పిల్లలు అనుకుంటున్నారు. వారికి కొన్ని సంగతులు చెప్పండి.

ఇంగ్లండులో క్వీన్ అనే బృందంలో గిటారు వాయించిన బ్రయన్ మే బాల్యంలో మంచి గిటారు కొనే స్తోమత వారింట్లో లేదు. ఆయన తండ్రి ఎలక్ట్రానిక్స్ తెలిసిన ఇంజనీరు. తండ్రీకొడుకులిద్దరూ 1963లో మొదలుపెట్టి సుమారు రెండేళ్లు కూర్చుని చేతులతో ఒక గిటారు చేశారు. మెడకు పాత చలిమంట గూటి చెక్క, ఒంటికి పాత బల్ల చెక్క, స్ప్రింగులు పాత మోటారు సైకిలువి, మెడమీద గుర్తులకు అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు! మొత్తం ఖర్చు 8 పౌండ్లు. తరువాత లక్షలమంది ఎదుట ఆయన వాయించింది ఆ గిటారే.

ఆ బృందంలోనే బేస్ వాయించిన జాన్ డీకన్ 1970ల మొదట్లో చెత్తలో పారేసిన ఒక చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు చూసి ఇంటికి తెచ్చారు. దాన్ని ఒక చిన్న స్పీకరు పెట్టెలో అమర్చి, 9 వోల్టుల బ్యాటరీతో నడిపించారు. దాని శక్తి ఒక వాటు కూడా ఉండదు. బ్రయన్ మే తన రికార్డులలో ఎన్నో గిటార్లు కలిసి పలికినట్లు వినిపించే భాగాలను దానితోనే చేశారు.

జిమీ హెండ్రిక్స్‌కు తండ్రి 1959లో కొనిచ్చిన మొదటి ఎలక్ట్రిక్ గిటారు సుప్రో అనే చౌక రకం. బి.బి. కింగ్‌కు బాల్యంలో గిటారు పట్టుకోవడం నేర్పింది ఒక పల్లె సంఘ కాపరి. ఆ బి.బి. కింగ్ 1949 శీతాకాలంలో ఆర్కన్సాలోని ట్విస్ట్ అనే ఊళ్లో మంటలు అంటుకున్న హాలులోకి మళ్లీ పరుగెత్తి తన గిటారు తెచ్చుకున్నారు. దాని ఖరీదు 30 డాలర్లు. అటువంటి తెలివితక్కువ పని మళ్లీ చేయకూడదని గుర్తుండడానికి, ఆ హాలులో ఇద్దరు కొట్టుకోవడానికి కారణమైన లూసిల్ అనే స్త్రీ పేరే తన గిటార్లన్నిటికీ పెట్టుకున్నారు.

ఎలక్ట్రిక్ గిటారు లోకసంబంధమైన వాయిద్యం, సంఘంలోకి రాకూడదని మన పెద్దలు కొందరు అంటారు. వారి మాటలోని భయాన్ని గౌరవిద్దాం. అయితే చరిత్ర వేరొకటి చెబుతోంది. 1915లో ఆర్కన్సాలో పుట్టిన సిస్టర్ రోజెట్టా థార్ప్ సువార్త గాయని. ఆమె తల్లి సువార్త ప్రకటిస్తూ మాండలిన్ వాయించేది. రోజెట్టా 1938లో మొదటి రికార్డులు చేసింది. కాలక్రమంలో ఎలక్ట్రిక్ గిటారు చేతబట్టి సువార్త గీతాలు పాడింది. రాక్ సంగీతం అన్నది పుట్టకముందే ఆ వాయింపు ఆమెది. అమెరికాలోని హౌస్ ఆఫ్ గాడ్ సంఘాలలో 1930ల చివరినుండి ఆర్గన్ స్థానంలో ఒళ్లో పెట్టుకుని వాయించే ఎలక్ట్రిక్ స్టీల్ గిటారే ఆరాధనను నడిపిస్తోంది. కాబట్టి సంఘంలో ఈ వాయిద్యం నిన్న మొన్న వచ్చినది కాదు. ఎలా వాయిస్తాం, ఎంత గట్టిగా వాయిస్తాం అన్నదే ప్రశ్న.

వాయించేవారంతా ఒప్పుకునే మాటలు

గిటారు వాయించేవారు నలుగురు కలిస్తే అభిప్రాయాలు ఎనిమిది వస్తాయి. అయినా కొన్నిటి విషయంలో దాదాపు అందరిదీ ఒకటే మాట.

ఒకటి, సరిచేయించని ఖరీదైన గిటారుకంటె సరిచేయించిన చౌక గిటారు మేలు. తీగలు మెడకు ఎంత ఎత్తులో ఉన్నాయి, మెడ వంపు సరిగా ఉందా, పై ఫ్రెట్ల దగ్గర కూడా స్వరం నిలుస్తుందా అన్నవి చూసి బిగించడాన్ని సెటప్ అంటారు. చౌక గిటారు ఫ్యాక్టరీనుండి వచ్చినప్పుడు ఇదే లోపిస్తుంది. తెలిసినవారి చేత ఈ పని చేయించడానికి అయ్యే ఖర్చు గిటారు ధరలో చాలా చిన్న వంతు. ఆ కొద్ది సొమ్ము మిగుల్చుకోవాలని చూసి, వ్రేళ్లు నొప్పిపుట్టి గిటారును మూలన పడేసినవారు ఎందరో.

రెండు, సొమ్మంతా గిటారుకే పెట్టకూడదు. ఆంప్లిఫయరు, కేబుల్, ట్యూనరు, పట్టీ, సంచి, అదనపు తీగల సెట్టు కూడా లెక్కలో వేయాలి. మంచి గిటారు చెడ్డ ఆంప్లిఫయరులో చెడ్డగానే వినిపిస్తుంది. మామూలు గిటారు మంచి ఆంప్లిఫయరులో చాలా బాగా వినిపిస్తుంది.

మూడు, గిటారు చేతికి సరిపోవాలి. సౌలు ఇచ్చిన యుద్ధ వస్త్రములు దావీదుకు ఎందుకు పనికిరాలేదో గుర్తుచేసుకోండి. లావు మెడ చిన్న చేతికి కష్టం. నిలబడి అరగంట వాయించేవారికి బరువైన గిటారు భుజం లాగేస్తుంది. అందుచేత బొమ్మ చూసి కొనవద్దు, చేతబట్టి చూడండి.

నాలుగు, తీగలు క్రొత్తవైతే సగం గిటారు క్రొత్తదైనట్లే. మన కోస్తా గాలికి తీగలు త్వరగా తుప్పుపడతాయి. వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడవండి.

దుకాణంలో చూడవలసినవి

ఒక్కొక్క ఫ్రెట్‌లో ఒక్కొక్క తీగను నొక్కి వాయించండి. ఎక్కడైనా జిర్రుమంటుందా, స్వరం చచ్చిపోతుందా వినండి. అరచేతిని మెడ అంచు వెంబడి జరపండి. ఫ్రెట్ల కొనలు గీరుకుంటే ఆ గిటారు వద్దు, లేదా నున్నగా రాయించి ఇవ్వమనండి.

లావు తీగను ఒక చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, మరో చేత్తో చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టండి. నడిమి ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య విజిటింగు కార్డు పట్టేంత సందు ఉంటే మెడ బాగున్నట్లు. వ్రేలు పట్టేంత సందు ఉంటే మెడ వంగిపోయింది.

తీగను వదిలి మీటిన స్వరమూ, 12వ ఫ్రెట్‌లో నొక్కి మీటిన స్వరమూ ఒకటే కావాలి, ఒక స్థాయి పైన పలకాలి, అంతే. ట్యూనరులో చూస్తే తేడా తెలిసిపోతుంది. మీటలు త్రిప్పినప్పుడు, స్విచ్చి మార్చినప్పుడు గరగర ఉందేమో, కేబుల్ కదిపితే శబ్దం ఆగిపోతుందేమో చూడండి. శ్రుతి చేసి పది నిమిషాలు గట్టిగా వాయించండి. ఆ తరువాత కూడా శ్రుతి నిలిస్తే మేకులు మంచివి.

సెకండ్‌హ్యాండు గిటారు కొనడానికి సంకోచించవద్దు. గట్టి చెక్క గిటారు త్వరగా ముసలిది కాదు. ఒకరు ఆశతో కొని ఆరు నెలలకే వదిలేసిన గిటార్లు పట్టణాలలో చాలా దొరుకుతాయి. అయితే ఫ్రెట్లు అరిగి గుంటలు పడినవీ, మెడ మెలితిరిగినవీ మాత్రం చౌక అనుకుని తీసుకోవద్దు. వాటిని బాగుచేయించే ఖర్చుతో క్రొత్తది వస్తుంది.

అభిప్రాయాలు వేరైనచోట

ఏ చెక్క మంచిదని వాదులాడుకునేవారు ఉన్నారు. చెక్కను బట్టి నాదం మారుతుందని కొందరు, ఎలక్ట్రిక్ గిటారులో పికప్, తీగ, ఆంప్లిఫయరు ముందు చెక్క తేడా లెక్కలోకి రాదని మరికొందరు అంటారు. ఈ వాదం తేలినా తేలకపోయినా, మొదటి గిటారు కొనేవారికి దానితో పనిలేదు.

పికప్ విషయం మాత్రం తెలుసుకోదగినదే. ఒకే చుట్ట ఉన్న పికప్ నాదం తేటగా, గలగలమంటూ ఉంటుంది. అయితే ట్యూబులైట్లు, నాసి వైరింగు ఉన్నచోట బుర్రుమనే రొద పట్టుకుంటుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ అనే ఇంజనీరు రెండు చుట్టలను ఒకదానికొకటి ఎదురుగా అమర్చి ఆ రొదను అణచివేశారు. దాన్ని హంబకర్ అంటారు. మన మందిరాల వైరింగు సంగతి మనకు తెలుసు గనుక, వెనుకవైపు ఒక హంబకర్, ముందు రెండు ఒంటి చుట్టలు ఉన్న గిటారు నిదానమైన ఎంపిక. యమహా పసిఫికా రకాలు చాలావరకు ఈ అమరికతోనే వస్తాయి. మొదటి గిటారుకు ఏది మంచిదని అడిగితే చాలామంది వాద్యకారులు చెప్పే పేర్లలో అదొకటి. స్క్వయర్, ఐబనీజ్ జియో, కోర్ట్ పేర్లు కూడా తరచు వింటాము. వీటిలో ఏదైనా సరే, పేరుకంటె మీ చేతిలోని ఆ ఒక్క గిటారు ఎలా ఉందన్నదే చూడండి. ఒకే పేరు, ఒకే ధర ఉన్న రెండింటిలో ఒకటి బాగుండి మరొకటి బాగుండకపోవచ్చు.

బేస్ గిటారు సంగతి

బేస్ మీద మొదట చెవి పడదు. ఆపేస్తే మాత్రం ఏదో లోటు తెలుస్తుంది. దాని లావు తీగ సెకనుకు 41 సార్లు కదులుతుంది. గిటారు లావు తీగ 82 సార్లు కదులుతుంది. అంటే బేస్ సరిగ్గా ఒక స్థాయి క్రింద పలుకుతుంది. మామూలు బేస్ తీగ పొడవు 34 అంగుళాలు. చిన్న చేతులవారికి 30 అంగుళాల పొట్టి రకాలు కూడా ఉన్నాయి.

అమెరికాలో మోటౌన్ రికార్డులకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడు వ్రేలు ఒక్కదానితోనే మీటేవారు. తీగలు తెగితే తప్ప మార్చేవారు కాదు. ఆ రికార్డులలో చాలావాటికి ఆయన బేస్‌ను నేరుగా రికార్డింగు బోర్డుకే కలిపారు. ఇందులో మనకు రెండు పాఠాలు ఉన్నాయి. గిటారు తీగలు పాతబడితే నాదం చచ్చిపోతుంది గాని, బేస్‌కు పాత తీగల మెత్తని నాదం తప్పు కాదు. బేస్ తీగల సెట్టు ఖరీదు ఎక్కువ గనుక ఇది పేద సంఘానికి మేలైన మాట. రెండవది, మందిరంలో ఇప్పటికే మంచి మిక్సరు, పెద్ద స్పీకర్లు ఉంటే బేస్‌ను డి.ఐ. బాక్సు అనే చిన్న పెట్టె ద్వారా వాటికే కలపవచ్చు. ప్రత్యేక ఆంప్లిఫయరు అప్పుడే కొననక్కరలేదు.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడేటప్పుడు బేస్ వాయించే తమ్ముళ్లకు ఒక మాట. మన కీర్తనలు రాగతాళములతో కూడినవి. ప్రతి స్వరానికీ కార్డు మార్చాలని చూస్తే రాగం చెడుతుంది. షడ్జమాన్ని, పంచమాన్ని పట్టుకుని తబలాతో కలిసి నడవండి. సంఘమంతా శ్రుతిలోకి వస్తుంది.

ఆంప్లిఫయరు – వాటుల లెక్క

దుకాణదారు వాటుల సంఖ్య పెద్దది చూపి పెద్ద పెట్టె అంటగడతాడు. లెక్క ఇలా ఉంటుంది. శబ్దం రెట్టింపుగా వినిపించాలంటే శక్తి రెట్టింపు చేస్తే చాలదు, సుమారు పది రెట్లు కావాలి. అంటే 20 వాటులకూ 40 వాటులకూ మధ్య చెవికి తెలిసే తేడా కొంచెమే. ఇంట్లో సాధనకు 10 వాటులే ఎక్కువ. వంద, నూటయాభై మంది పట్టే మందిరంలో గిటారుకు మంచి స్పీకరు ఉన్న 30, 40 వాటుల పెట్టె చాలు. ఇంకా కావాలంటే దాని ముందు మైకు పెట్టవచ్చు.

బేస్‌కు మాత్రం ఎక్కువ శక్తి కావాలి. లోతైన స్వరాలను వినిపించడానికి స్పీకరు చాలా గాలిని కదపాలి. స్పీకరు కనీసం 10 అంగుళాలు ఉండాలి, 12 లేక 15 అయితే మేలు. డబ్బు ఆదా అవుతుందని బేస్‌ను గిటారు ఆంప్లిఫయరులో పెట్టి గట్టిగా వాయిస్తే ఆ స్పీకరు చిరిగిపోతుంది. బేస్ ఆంప్లిఫయరులో గిటారు వాయిస్తే మాత్రం ఏమీ చెడదు, నాదం కొంచెం మందంగా ఉంటుంది, అంతే. ఒక్కటే కొనగలిగిన సంఘం ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

వాల్వుల ఆంప్లిఫయరు నాదం వెచ్చగా ఉంటుందని పెద్ద వాద్యకారులు ఇష్టపడతారు. కాని బరువు, ధర, మరమ్మతు మూడూ ఎక్కువే. పల్లెకు ట్రాన్సిస్టర్ రకమే మంచిది. మన దేశపు స్ట్రేంజర్ పెట్టెలు మరమ్మతుకు సులువని చాలామంది వాడుతూ వచ్చారు. మీ ఊరికి దగ్గరలో బాగుచేసేవాడు ఉన్న రకం కొనండి.

ప్రాణం విలువ

ఈ నెల వ్రాసినవాటిలో ఈ మాట ఒక్కటి గుర్తుంటే చాలు. గిటారు తీగలు ఆంప్లిఫయరు ఇనుప చట్రానికి కలిసి ఉంటాయి. ఆంప్లిఫయరులో లోపం ఉండి, ఎర్తింగు లేకపోతే తీగల్లోకి కరెంటు వస్తుంది. అప్పుడు చేయి తీగలమీద ఉండగా పెదవి మైకుకు తగిలితే ఆ కరెంటు ఒంటిగుండా పోతుంది. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో లెస్లీ హార్వే అనే 27 సంవత్సరాల గిటారు వాద్యకారుడు వేదికమీద, జనం చూస్తుండగా మైకు తాకి ఇలాగే మరణించారు. 1976లో కీత్ రెల్ఫ్ అనే గాయకుడు ఎర్తింగు సరిగాలేని పరికరంవలన తన ఇంట్లోనే చనిపోయారు.

మన కూడికలలో ఏం జరుగుతుందో చూడండి. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరగగొడతారు. ప్లగ్గే లేకుండా వైర్లను సాకెట్లో పెట్టి అగ్గిపుల్లలు గుచ్చుతారు. పందిట్లో మైకు సెట్టువాడు ఒక లైను, గిటారువాడు ఇంకొక లైను తీసుకుంటారు. వాన పడిన నేలమీద చెప్పులు లేకుండా నిలబడి వాయిస్తారు. ఇవన్నీ ఈ రోజుతో మానేయాలి.

ఎలక్ట్రీషియను చేత మందిరం ఎర్తింగు పరీక్ష చేయించండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. కరెంటు దారి తప్పితే అది రెప్పపాటులో ఆపేస్తుంది. మైకు మిక్సరు, గిటారు ఆంప్లిఫయరు ఒకే బోర్డునుండి తీసుకోండి. వాయించబోయే ముందు తీగలను, మైకు జాలీని టెస్టరుతో తాకి చూడండి. వెలిగితే వెంటనే ఆపివేయండి. వెలగలేదని మాత్రం పూర్తిగా ధైర్యపడవద్దు. వాల్వుల ఆంప్లిఫయరు ప్లగ్గు తీసినా లోపల వందల వోల్టులు నిలిచి ఉంటాయి గనుక దాన్ని ఎవరూ విప్పకూడదు.

ఉత్తరాలకు జవాబు

అమ్మా, వడ్డీకి తేవద్దు. అరవై వేలు అక్కరలేదు. ఊరినిబట్టి, దుకాణాన్నిబట్టి ధరలు మారినా, ఈ రోజుల్లో పదిహేను, ఇరవై వేల మధ్య మంచి మొదటి గిటారు వస్తుంది. సెకండ్‌హ్యాండు అయితే ఇంకా తక్కువ. ఆంప్లిఫయరు వెంటనే కొనవద్దు. చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోనుతో వినే చిన్న పరికరాలు రెండు, మూడు వేలలో ఉన్నాయి. ఇరుగుపొరుగుకూ ఇబ్బంది ఉండదు. మీ అబ్బాయితో ఒక ఒప్పందం చేసుకోండి. ఆరు నెలలు ఇప్పుడున్న గిటారుమీద రోజూ అరగంట సాధన చేస్తూ, ట్యూషను చెప్పో, సెలవుల్లో పని చేసో తన వంతు కొంత కూడబెట్టమనండి. మిగతాది మీరు వేయండి. ఇంటర్ పరీక్షలు కూడా ఈలోగా అయిపోతాయి. మీరు కాదన్నారని కాక, తనతో కలిసి కొంటున్నారని వాడికి తెలిస్తే మనసు విరగదు. బ్రయన్ మే గిటారు కథ వాడికీ, వాళ్ల నాన్నగారికీ చదివి వినిపించండి.

తమ్ముళ్లారా, మీ నలభై వేలను ఇలా విడదీయండి. బేస్ గిటారుకు పదిహేను, పద్ధెనిమిది వేలు. సెటప్, కేబుల్, పట్టీ, సంచి, స్టాండుకు నాలుగు వేలు. మీ మందిరంలో మిక్సరు, పెద్ద స్పీకర్లు ఉన్నాయని వ్రాశారు గనుక డి.ఐ. బాక్సుకు రెండు, మూడు వేలు. ఎర్తింగు, ఆర్.సి.సి.బి. పనికి ఐదారు వేలు పక్కన పెట్టి ముందు అది చేయించండి. మిగిలినది ఖర్చుచేయవద్దు. ఆరు నెలలు వాయించిన తరువాత బేస్ ఆంప్లిఫయరు నిజంగా కావాలనిపిస్తే ఆ సొమ్ముకు మరికొంత కలిపి కొనండి. ప్రతి ఖర్చుకూ రసీదు తీసుకుని లెక్క వ్రాసి సంఘం ముందు చదవండి. ఇరవై రూపాయలు ఇచ్చిన అమ్మకు కూడా ఆ లెక్క వినే హక్కు ఉంది.

వాయిద్యం తెచ్చిన రోజున దాన్ని ఎవరి దగ్గర ఉంచాలి, ఎవరు నేర్చుకోవాలి, తీగలు ఎవరు మార్పించాలి అన్నది వ్రాసి పెట్టుకోండి. ఒక్కరే నేర్చుకుంటే ఆ ఒక్కరు చదువుకో ఉద్యోగానికో ఊరు విడిచినప్పుడు బేస్ గోడకు వ్రేలాడుతుంది. ఇద్దరు నేర్చుకోండి. వారిలో ఒకరు చిన్నవారై ఉంటే మంచిది.

వచ్చే నెల గిటారు తీగలు ఇంట్లో మార్చుకోవడం, శ్రుతి చేసుకోవడం గురించి చూద్దాం. ఈలోగా మీ ప్రశ్నలు పోస్టుకార్డుమీద వ్రాసినా చాలు. మీ ఇళ్లలో, మీ సంఘాలలో సంగీతం సమాధానాన్ని కలిగించును గాక.